పుర్రెల పాకం

ఉదయం ఆరున్నరకి కాఫీకి పాలు తీద్దామని సూర్యావతి ఫ్రిజ్ తలుపు తెరిచింది. పాలగిన్నె పక్కన స్టీలు పళ్లెంలో ఆరు పుర్రెలు పళ్లికిలించి ఆవిడ వంకే చూస్తున్నాయి. నల్లగా, నున్నగా, నిమ్మకాయంత ఉన్నాయి. ఒకదానికి ముక్కు విరిగింది. ఇంకోదానికి దవడే లేదు.

ఇంకొకరైతే కెవ్వుమని అరిచేవారు. సూర్యావతి భయపడే మనిషి కాదు, ఈసడించుకునే మనిషి. అరవై రెండేళ్ల జీవితంలో ముక్తేశ్వరం ఊళ్లో ఆవిడ పెదవి విరవని వంట లేదు, వంక పెట్టని వియ్యంకుడు లేడు. ఎవరింట్లో గృహప్రవేశమైనా గుమ్మం వంకరుందని చెప్పి గానీ భోజనానికి కూర్చునేది కాదు. అలాంటి మనిషికి తెల్లారగానే సొంత ఫ్రిజ్‌లో పుర్రెలు దొరికితే ఇక చెప్పేదేముంది!

"అనితా! శ్మశానం తీసుకొచ్చి ఫ్రిజ్‌లో పెట్టేవేంటమ్మా?"

హాల్లో కూతురికి జడలు వేస్తున్న అనిత తలెత్తకుండానే చెప్పింది.

"చాక్లెట్లండీ అత్తయ్యగారూ. రేపు భవ్య స్కూల్లో హాలోవీన్ అండి. క్లాసులో నలభై మందికీ ఇంట్లో చేసి పంపుతానని మాటిచ్చేను. అవి నిన్న మచ్చుకి పోసినవి."

"అదేం పండగ?"

"దెయ్యాల పండగ నానమ్మా!" రెండో తరగతి చదువుతున్న భవ్య ఉత్సాహంగా తల తిప్పేసరికి సగం వేసిన జడ ఊడిపోయింది. "అందరం దెయ్యాల వేషాలేసుకుని వెళ్తాం. గుమ్మడికాయలకి కళ్లూ పళ్లూ చెక్కి పెడతారు. నేను మంత్రగత్తెని."

"దానికి వేషమెందుకే? ఆ జుట్టిలాగే వదిలెయ్ చాలు," అంది సూర్యావతి. "దెయ్యమంటే దడుచుకోవాలి గానీ నాకి తినడమేంటమ్మా? గుమ్మడికాయంటే గుమ్మానికి దిష్టి కట్టుకుంటాం, దానికి పళ్లు చెక్కి ఆడుకుంటారా? అదీ కార్తీకమాసంలో! శివుడి నెలలో పుర్రెలు!"

"శివుడి మెళ్లో ఉండేవి పుర్రెలే కదా నానమ్మా?"

అనిత నవ్వాపుకోడానికి దువ్వెన పళ్ల మధ్య పెట్టుకుంది. సూర్యావతికి ఆ నవ్వు కనబడనే కనబడింది. దాంతో అసలు అస్త్రం తీసింది.

"మీ మామయ్యగారు పోయి ఎనిమిది నెలలు. ఏడాది తిరక్కుండా ఈ ఇంట్లో పండగేంటి, పిండివంటలేంటి?"

అనిత ఈ ప్రశ్న కోసం వారం రోజులుగా సిద్ధమవుతోంది. గొంతు పెంచకుండా, చాలా మర్యాదగా అంది. "చెయ్యకూడనివి మన పండగలే కదండీ. ఇది మన పండగ కాదు. సూతకం దీనికెలా తగులుద్దండి?"

సూర్యావతి తనకి తెలిసిన శాస్త్రాలన్నీ ఒకసారి తిరగేసుకుంది. పెరట్లో పళ్లు తోముకుంటున్న కొడుకు ప్రసాద్ వైపు చూసింది. వాడు పేస్టు నురగ నోట్లో ఉండగానే "ఆయ్, నిజమే కదా" అన్నట్టు తలూపి నూతి దగ్గరికి తప్పుకున్నాడు. కొబ్బరి వ్యాపారంలో ఢిల్లీ దళారులతో పోట్లాడే మగాడు, ఇంట్లో ఆడవాళ్ల మధ్య మాటొస్తే మాత్రం నుయ్యే గతి.

అనిత చెప్పినదాంట్లో అబద్ధం లేదు. దసరాకి పిల్లకి కొత్త గౌను కుట్టించలేదు. దీపావళికి కాకరపువ్వొత్తి కూడా వెలిగించలేదు. వీధిలో పిల్లలంతా చిచ్చుబుడ్లు కాలుస్తుంటే భవ్య కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. అప్పుడే ఒక్కటైనా పండగ చేసిపెడతానని తల్లి మాటిచ్చింది. ఆ పండగ ఎక్కడిదో, ఎవరిదో అనిత ఆలోచించలేదు. సూతకం కిందకి రాకపోతే చాలనుకుంది.

స్కూలు వ్యాను వచ్చి పిల్లని ఎక్కించుకుపోయింది. సూర్యావతి మాత్రం మళ్లీ ఫ్రిజ్ తెరిచి ఆ ముక్కు విరిగిన పుర్రెని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అచ్చు విడవలేదు. అచ్చుని తడపకుండా పోస్తే ఇలాగే ఏడుస్తాయి," అని గొణుక్కుంది.

అచ్చుపోత గురించి సూర్యావతికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ చుట్టుపక్కల పాతిక ఊళ్లలో ఏ పెళ్లి సారె కావిళ్లు కదిలినా అందులో పంచదార చిలకలు ఆవిడ చేతివే. టేకు అచ్చుల్ని నీళ్లలో నానబెట్టి, రెండు బద్దలూ కలిపి దారంతో బిగించి, తెల్లగా తిరిగిన పాకాన్ని గొంతు దాకా పోసి, కొంచెంసేపాగి దారం విప్పితే చిలక ముక్కుతో సహా ఊడి చేతిలో పడేది. పాకం ముదిరిపోతే గుప్పెడు నీళ్లు చిలకరించి మళ్లీ తిప్పేది. నలభై ఏళ్లలో ఒక్క చిలకకి ముక్కు విరగలేదని ఆవిడే చెప్పుకునేది. ఇతరుల చిలకల్ని చూసి "ఇవి చిలకలా, తోకలు పీకిన కోళ్లా?" అనేది.

భర్త అప్పలరాజు మార్చి నెలలో పోయాడు. ఆ తర్వాత ఆవిడని చిలకలు పొయ్యమని ఎవరూ అడగలేదు. ఊరివాళ్లు అడగకపోతే పోనీ అనుకుంది. భర్తకి తోడబుట్టిన చెల్లెలు, కొత్తపేట భవానీదేవి కూడా శ్రావణంలో కూతురి పెళ్లికి చిలకలు ఎక్కడో కొట్లో కొనుక్కుంది. కారణం సూర్యావతికి ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దంలో చూసుకుంటే బోడి నుదురే చెప్తుంది. శుభకార్యానికి విధవ చేతి తీపి పనికిరాదు. అప్పట్నుంచి ఆవిడ నోరు ఇంకాస్త పదునెక్కింది. లోపల ఎంత కుమిలిపోయేదో అంత వెటకారం పైకి వచ్చేది.

తొమ్మిదింటికి పక్కింటి ఎలీసమ్మ టీచరు కరివేపాకు కోసం వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఇద్దరికీ ముప్పై ఏళ్ల స్నేహం, అందులో ఇరవై తొమ్మిదేళ్లు దెప్పిపొడుపులే.

"బాగుందండీ టీచరుగారూ, మీ పండగ తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టేరు," అంది సూర్యావతి పుర్రె చూపించి.

ఎలీసమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ పుర్రెని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"మా పండగా! ఎవరు చెప్పేరండీ మీకు? పోయిన ఆదివారమే మా పాస్టరుగారు గంటసేపు దీనిమీద ప్రసంగం చేసేరు, ఈ దెయ్యాల వేషాలు మనకొద్దని. మా అమ్మాయి జెస్సీ పిల్లలకి రేపు స్కూలే మాన్పించేసింది."

"మీదీ కాక, మాదీ కాక, మరెవరిదండీ ఈ దిక్కుమాలిన పండగ?"

"స్కూలు వాళ్లదండి."

ఇద్దరూ చాలా రోజుల తర్వాత ఒక్కమాట మీద నిలబడి మూతులు విరిచారు. వంటింట్లో చాక్లెట్టు దిమ్మని కత్తిపీట మీద తరుగుతున్న అనితకి ప్రతి మాటా వినిపించింది. ఆ పిల్ల ఊళ్లోనే గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఈ పనికోసం ఒకరోజు సెలవు పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి "నాకూ చిలకలు పొయ్యడం నేర్పుతారా అత్తయ్యగారూ?" అని అడిగింది. "మీ రాజోలు వాళ్లకి పాకమెందుకమ్మా, పంచదార బొక్కి నీళ్లు తాగేస్తారు కదా," అంది సూర్యావతి నలుగురిలో. అప్పట్నుంచి అనిత ఆ ఇంట్లో ఏదీ అడగలేదు. అన్నీ ఫోన్లో చూసి నేర్చుకుంటుంది.

గిన్నెలో నీళ్లు మరిగించి, దానిమీద ఇంకో గిన్నె పెట్టి, రెండు కిలోల ముక్కలూ అందులో వేసి కరిగించింది. రబ్బరు అచ్చులు వరసగా బల్లమీద పరిచింది. పుర్రెలు, గబ్బిలాలు, మొండి వేళ్లు. గరిటె పట్టుకుని పొయ్యబోతుంటే వీధిలోంచి కేక వినబడింది.

"అనితమ్మగారూ! అమ్మా, ఉన్నారా అండీ?"

తాతాజీ. ఎనభై ఏళ్ల ముసలాయన. వేలిముద్ర పడక పింఛను ఆగిపోయిందట. సెలవైనా సరే, సచివాలయం అమ్మాయి ఇంట్లో ఉంటే ఊరివాళ్లకి సచివాలయం ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. అనిత స్టవ్ కట్టేసి, వీధరుగు మీదకి వెళ్లి ఆయన చెప్పేది వినడం మొదలుపెట్టింది. గిన్నె కాస్త చూస్తూ ఉండమని అత్తగారికి చెప్పలేదు. చెబితే ఏం వినాల్సొస్తుందో తెలుసు.

సూర్యావతి వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది. గిన్నెలో చాక్లెట్టు చల్లారి అంచుల దగ్గర చిక్కబడుతోంది.

"అదిగో, పాకం ముదిరిపోతోంది! ఇక్కడ పొయ్యి మీద పెట్టి అక్కడ కబుర్లు," అనుకుంది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకుంది. కాళ్లు కదల్లేదు. ఎనిమిది నెలలైంది ఆవిడ పాకం గిన్నె ముందు నిలబడి. అచ్చులు పరిచి ఉన్నాయి, గరిటె సిద్ధంగా ఉంది, చేతులు ఊరుకోవడం లేదు. పిల్లదాని స్కూల్లో నలభై మంది తింటారు. ముక్కుల్లేని పుర్రెలు పంపితే నవ్విపోరూ!

లోటాలో నీళ్లు తీసుకుని గుప్పెడు చిలకరించింది. గరిటెతో తిప్పింది.

చాక్లెట్టు పల్చబడలేదు. ఉన్నట్టుండి బిగుసుకుంది. నున్నగా ఉన్నది కాస్తా ఇసకలా పలుకులు కట్టింది. సూర్యావతి తెల్లబోయింది. ఏ పాకమూ ఇలా ఎదురు తిరగడం ఆవిడ చూడలేదు. నీళ్లు చాలలేదేమోనని ఇంకో గుప్పెడు పోసింది. ఈసారి గరిటె గిన్నెలో నిలువుగా నిలబడిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అనిత లోపలికొచ్చి గిన్నె చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంటి ఇలా అయిపోయింది! నీళ్లు పడ్డాయా?"

 లోటా ఇంకా సూర్యావతి చేతిలోనే ఉంది.

"అత్తయ్యగారూ, మిమ్మల్నేనండీ. ఇందులో నీళ్లు పోసేరా?"

"పోస్తే?"

"చాక్లెట్టులో నీటిచుక్క పడకూడదండీ! ఒక్క చుక్క పడినా బిగుసుకుపోద్ది. రెండు కిలోలూ పోయేయి. మళ్లీ కరగవు, అచ్చులో దిగవు..." అనిత గరిటె లాగబోయి కళ్లు తుడుచుకుంది. "ఎందుకు పోసేరండీ? మీకిది నచ్చలేదని తెలుసు. పొద్దున్న చెప్పేరు, పక్కింటావిడకీ చెప్పేరు. నన్ను ఎన్నయినా అనండి, పడతాను. పిల్ల పండగ ఎందుకు పాడుచేసేరు?"

అప్పుడు సూర్యావతి చెప్పవలసిన మాట ఒక్కటే. "నాకు తెలీలేదమ్మా." ఆ మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అచ్చుపోతలో తనకి తెలియనిదొకటుందని, రాజోలు నుంచి వచ్చిన కోడలి ముందు, గరిటె నిలబడిపోయిన గిన్నె పక్కన నిలబడి ఎలా చెప్పడం? పనితనం లేనిదనిపించుకోవడం కంటే దుర్మార్గురాలనిపించుకోవడమే ఆవిడకి గౌరవంగా తోచింది.

"అవును, కావాలనే పోసేను. ఏడాది తిరగని ఇంట్లో పుర్రెలు చేస్తానంటే చూస్తూ కూర్చోమంటావా?"

సరిగ్గా ఆ మాటకే ప్రసాద్ లోపల అడుగుపెట్టాడు. కళ్లం నుంచి టిఫినుకి వచ్చాడు, చొక్కా నిండా కొబ్బరి పీచు. తల్లి మాట విన్నాడు, పెళ్లాం కన్నీళ్లు చూశాడు. ఈసారి నూతి దగ్గరికి పోలేదు.

"కావాలని పోసేవా అమ్మా? పిల్ల రేపు నలభై మంది ముందు చేతులూపుకుంటూ వెళ్లాలా? నాన్న పోయిన దగ్గర్నుంచీ చూస్తన్నాను. ఈ ఇంట్లో ఎవరు నవ్వినా నీకు పడటం లేదు. మేం బాధపడలేదా? నాన్న నాకు మాత్రం నాన్న కాడా?"

"మీ నాన్నని ఎత్తకు!" అరిచింది సూర్యావతి. "మీ నాన్నతో పాటు నా చేతులూ పోయేయిరా! నలభై ఏళ్లు ఊరందరి పెళ్లిళ్లకీ పోసేను. సొంత ఆడపడుచు, దాని పెళ్లికి దండలు గుచ్చింది నేను, దాని కూతురి పెళ్లికి నన్ను ఒక్క మాట అడగలేదు. బొట్టు లేనిదాన్ని, నా చేతి చిలక అశుభమైపోయింది. నాకు లేని పండగ ఎవరికెందుకురా?"

 అనిత కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏదో చెప్పబోయి మానేసి, మళ్లీ అత్తగారి ముఖం చూసి ఇక ఆగలేకపోయింది.

"అడగడానికే వచ్చేరండీ."

"ఎవరు?"

"కొత్తపేట పిన్నిగారు. ఆషాఢంలో ఒకరోజు వచ్చి గంటసేపు కూర్చున్నారు, గుర్తుందా? మిమ్మల్ని అడగడానికే వచ్చేరు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నాతో చెప్పేరు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు కూడాను."

"ఏమంది?" సూర్యావతి ఒక అడుగు ముందుకేసింది.

"'మా అన్నయ్య పోతే వదిన చేతిలో తీపి కూడా పోద్దా అమ్మా? ఆ పట్టింపులు నాకు లేవు. నూటెనిమిది చిలకలు వదినే పొయ్యాలని అడుగుదామనొచ్చేను. నోరు తెరవనిస్తేనా! అల్లుణ్ణి అన్ని మాటలన్నాక ఏ మొహంతో అడగను?' అన్నారు. ఏడ్చేరండి పిన్నిగారు."

సూర్యావతి లోటా గట్టుమీద పెట్టింది. ఎవరి వంకా చూడకుండా పెరట్లోకి వెళ్లి బట్టలుతికే రాయి మీద కూర్చుంది.

గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. భవానీ లోపలికొచ్చి చాపమీద కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ దాన్ని సవరించుకుంటూ "వదినా..." అని రెండుసార్లు మొదలుపెట్టింది. నువ్వు చిలకలు పొయ్యక్కర్లేదని చెప్పడానికే వచ్చిందనుకుంది సూర్యావతి. అది నోరు తెరిచి ఆ మాట అనేలోగా తనే అనేసింది. "ఏంటి భవానీ, అల్లుడు రొయ్యల మేత అమ్ముతాడట కదా? పీటల మీద కూర్చోబెట్టే ముందు రెండుసార్లు స్నానం చేయించండి, పురోహితుడు తట్టుకోలేడు. సారెలోకి చిలకలు కొట్లో దొరుకుతాయిలే, సుద్దముక్కల్లా. మీ వియ్యాలవారికి అవే ఎక్కువ." భవానీ ముఖం ఎర్రబడింది. కాఫీ సగం తాగి వదిలేసి లేచిపోయింది. ఆ సగం కాఫీ గ్లాసు చూసి కూడా తను "పెంకితనం" అనే అనుకుంది.

ఆ పెళ్లి అయిపోయింది. ఆ పిల్ల అత్తారింటికి వెళ్లిపోయింది. ఆ నూటెనిమిది చిలకలు ఇక ఎప్పటికీ పొయ్యడానికి లేదు. నుదుటి బొట్టు పోవడం వల్ల పోయిందనుకున్న గౌరవాన్ని తన నోటితో తనే గేటు దాకా సాగనంపింది. ఎనిమిది నెలలుగా ఊరినీ, దేవుణ్ణీ, చచ్చిపోయిన మొగుణ్ణి కూడా తిట్టుకుంది. తప్పు ఎక్కడుందో ఇంట్లో కోడలికి తెలుసు, చెప్పలేదు. చెబితే బాధపడతానని దాచింది. పొద్దుట్నుంచీ తను దాన్ని అన్ని మాటలన్నా కూడా దాచింది.

సూర్యావతి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు నలుగురూ చూస్తున్నారని బిగబట్టుకున్న ఏడుపు కూడా అందులో కలిసిపోయింది. అరటిచెట్ల చాటున చాలాసేపు అలాగే కూర్చుని, తర్వాత నూతి దగ్గర ముఖం కడుక్కుని లోపలికి వచ్చింది.

అనిత ఆ బిగిసిన ముద్దని గిన్నెలోంచి గీకుతోంది. ప్రసాద్ గోడకి ఆనుకుని ఫోన్లో ఏవో కొట్ల నంబర్లు వెతికి మెసేజులు పెడుతున్నాడు.

"అనితా," అంది సూర్యావతి. ఆ తర్వాతి మాటకి చాలా కష్టపడింది. "కావాలని పొయ్యలేదమ్మా. తెలీక పోసేను."

అనిత తలెత్తింది.

"పంచదార పాకం ముదిరితే నీళ్లు చిలకరిస్తాం. దీనికీ అంతేననుకున్నాను. నీకు సాయం చేద్దామనే... నాకు తెలీలేదు. తెలీలేదని చెప్పడానికి నోరు రాలేదు."

ప్రసాద్ ఫోన్ కిందకి దించాడు. పుట్టి ముప్పై ఆరేళ్లయింది, తల్లి నోట ఆ మాట వాడు వినడం ఇదే మొదలు. అనిత గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"నేనూ పాడుచేసేనండి అత్తయ్యగారూ."

"నువ్వా?"

"మొన్న ఆదివారం మీరు వాడపల్లి వెళ్లినప్పుడు. మూత మీంచి ఆవిరి చుక్క పడి అరకిలో ఇలాగే బిగిసిపోయింది. మీరు చూస్తే ఏమంటారోనని పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప కింద కప్పెట్టేసేను."

సూర్యావతి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. వయసొచ్చిన ఆడమనిషి, ఉద్యోగస్తురాలు, సొంతింట్లో అరకిలో చాక్లెట్టుని దొంగలా డొక్కల కింద పాతిపెట్టుకుంది. ఎవరికి భయపడి? ఆవిడకి నవ్వూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి.

"నన్ను చూస్తే నీకంత భయమా?"

"మిమ్మల్ని చూస్తే కాదండీ," అని నసిగింది అనిత. "మీరు మాట్లాడితేనే."

"నాక్కూడా అంతే," అన్నాడు ప్రసాద్. అని, తన ధైర్యానికి తనే హడలిపోయి బండి తాళం అందుకున్నాడు. "అమలాపురంలో కేకుల సామానమ్మే కొట్టువాడు చాక్లెట్టు ఉందన్నాడు. గంటన్నరలో తెస్తాను."

"ఏరా, టిఫిను తినెళ్లు," అంది సూర్యావతి. వాడు అప్పటికే వీధిలో ఉన్నాడు.

బండి చప్పుడు వినబడనంత దూరం వెళ్లాక సూర్యావతి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. రబ్బరు అచ్చుల్ని వేలితో తాకింది. మెత్తగా వంగాయి. ఇంతకాలం ఆవిడకి తెలిసిన అచ్చు బిగుసుకుని ఉండేది, వస్తువే దాన్ని వదిలి రావాలి. ఇక్కడ అచ్చే వంగుతోంది.

"నన్నేం చెయ్యమంటావో చెప్పు," అంది.

 ఈ ఇంట్లో ఆవిడకి పని చెప్పినవాళ్లు లేరు. అనిత ఒక అచ్చు చేతికిచ్చి మెల్లగా అంది. "అచ్చుల్లో ఎక్కడా తడి ఉండకూడదండి. పళ్ల సందుల్లో కూడా. పాత నూలుగుడ్డతో తుడిచి పెడతారా?"

నలభై ఏళ్లు పాకం పోసిన మనిషికి గుడ్డతో తుడిచే పని! సూర్యావతి నోటి చివర ఏదో మాట మెదిలింది. దాన్ని మింగేసి, అప్పలరాజు పాత పంచె చింపి, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. పుర్రె పళ్ల సందుల్లో, గబ్బిలం రెక్కల మడతల్లో అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి మరీ తుడిచింది. ఒక్కో అచ్చునీ వెలుతురుకి పెట్టి చూసింది.

చాక్లెట్టు వచ్చింది. ఈసారి తాతాజీ కాదు కదా, తాసిల్దారు పిలిచినా అనిత కదల్లేదు. కరిగించి, చల్లారుస్తూ, తిప్పుతూ, అచ్చుల్లో పోసింది. అచ్చుని బల్లకేసి తట్టి గాలిబుడగలు పోగొట్టింది. "ఎందుకలా తడతావు?" అని సూర్యావతి అడిగింది. ఎగతాళికి కాదు, తెలుసుకోడానికే అడిగింది. అనిత చెప్పింది. ఫ్రిజ్‌లో పెట్టిన పావుగంటకి మొదటి అచ్చు తీసి వెనక నుంచి బొటనవేలితో నొక్కింది. పుర్రె ఊడి సూర్యావతి అరచేతిలో పడింది. ముక్కు, దవడ, కళ్ల గుంటలు, అన్నీ ఉన్నాయి.

"పళ్లు కూడా వచ్చేయే!" అంది ఆవిడ చిన్నపిల్లలా.

"మీరు తుడిచేరు కదండీ. నిన్న నేను సరిగ్గా తుడవలేదు, అందుకే విరిగేయి."

నాలుగున్నరకి వ్యాను హారన్ వినబడేసరికి బల్లమీద నలభై పైచిలుకు పుర్రెలు వరసలు తీరి ఉన్నాయి. గబ్బిలాలు వేరే పళ్లెంలో, మొండి వేళ్లు ఇంకో పళ్లెంలో. భవ్య బ్యాగు కింద పారేసి పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"అమ్మో! ఎంత బాగున్నాయో! నానమ్మా, నువ్వు పోసేవా ఇవి?"

"కాదమ్మా. మీ అమ్మ పోసింది."

"మరి నువ్వేం చేసేవు?"

"నేను అచ్చులు తుడిచేను."

భవ్య పెదవి ఒకపక్కకి విరిచింది. కనుబొమ్మ ఎగరేసింది. "ఓస్! తుడవడమేనా!" అంది.

అనిత గతుక్కుమంది. ఆ విరుపూ, ఆ ఓసూ, ఆ చిన్నచూపూ ఎక్కడివో ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏడేళ్ల ముఖంలో అవి అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. సూర్యావతి మనవరాలి ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పిల్లని దగ్గరికి తీసుకుని ఆ విరిచిన పెదవిని వేలితో మెల్లగా సరిచేసింది.

"తుడవడమేనే అమ్మా. కానీ ఒక్క చుక్క తడున్నా అంతా పాడైపోద్దంట. ఆ సంగతి నాకు ఈవేళే తెలిసింది. మీ అమ్మ చెప్పింది."

ఆవిడ కళ్లజోడు అద్దాలు తడిసిపోయాయి. అనిత వచ్చి ఆ కళ్లజోడు తీసి, తన పైటచెంగుతో తుడిచి, మళ్లీ అత్తగారి కళ్లకి పెట్టింది.